డిగ్రీ, పీజీ లెక్కలకి మన సొంత ఆన్‌లైన్ రిఫరెన్స్: నలుగురు కలిసి కట్టడం ఎలా

ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) చుట్టుపక్కల జెరాక్స్ షాపుకెళ్లి "ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఫస్ట్ సెమ్ ఆల్జీబ్రా నోట్సుందా" అని అడిగితే స్పైరల్ బైండింగ్ చేసి చేతిలో పెట్టేస్తారు. ఎవరు రాశారో దాని మీద ఉండదు, ఎప్పుడు రాశారో ఉండదు, అందులో మాస్టారు బోర్డు మీద రాసింది ఎంత, సీనియర్ సొంతంగా కలిపింది ఎంత అన్నది అసలే తెలీదు. ఒక సిద్ధాంతంలో "పరిమిత" అన్న మాట ఎగిరిపోయిందనుకోండి, ఆ తప్పు బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి అలా నడుస్తూనే ఉంటుంది. పట్టుకున్నవాడు పెన్నుతో దిద్దుకున్నా అది వాడి కాపీలోనే దిద్దుబాటు. ఇంటర్నెట్‌లో ఇంగ్లీషులో బోలెడు ఉంది, నిజమే. కానీ అక్కడి వరస వేరు, నిర్వచనాలు ఒక్కోసారి వేరు, ఇంటర్ దాకా తెలుగులో లెక్కలు చేసుకుంటూ వచ్చిన పిల్లలకి ఆ రాత ఒక పట్టాన లొంగదు.

అందుకే యూనివర్సిటీ స్థాయి లెక్కలకి కలిసి రాసుకునే రిఫరెన్స్ ఒకటి ఉంటే బాగుండునని వైజాగ్‌లో అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. అనుకోవడం దగ్గర ఆగకుండా మొదలుపెడదామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఏది, లోగో ఎలా ఉండాలి, డొమైన్ పేరు ఏంటి అనే చర్చలు తర్వాత పెట్టుకోండి. ముందు ఒకటే తేల్చుకోవాలి: ఏ పేజీ తెరిచినా దానికి పూచీ ఎవరిదో ఒక మనిషి పేరు కనపడాలి. అది కుదరకపోతే మీరు కట్టేది కూడా జెరాక్స్ నోట్సే, కాకపోతే ఫోన్‌లో కనపడుతుంది.

ముందు కట్టినవాళ్లని చూడండి

ఇది కొత్త పనేం కాదు, పాతికేళ్లుగా రకరకాలుగా చేసి చూశారు. మ్యాథ్‌వరల్డ్ అనే పెద్ద లెక్కల విజ్ఞానకోశం ఎరిక్ వైస్‌టీన్ అనే ఆయన పోగుచేసింది. దాన్ని పుస్తకంగా వేసిన సీఆర్‌సీ ప్రెస్, సైట్ కూడా మా హక్కుల్లోకే వస్తుందని కోర్టుకెళ్లింది. 2000 అక్టోబరులో మూతపడిన సైట్ మళ్లీ తెరుచుకునేసరికి 2001 నవంబరు వచ్చింది. ఆ ఏడాది పొడుగునా రోజూ దాని మీద ఆధారపడ్డ విద్యార్థులు ఏం చేశారంటే, ఎవరూ మూసెయ్యలేనిది మనమే రాసుకుందామని ప్లానెట్‌మ్యాథ్ అని మొదలుపెట్టారు. అందులో ఒక్కో వ్యాసానికి ఒక్కో యజమాని. తప్పు కనపడితే వేరేవాళ్లు దిద్దుబాటు దరఖాస్తు పెట్టాలి, యజమాని ఎంతకీ పట్టించుకోకపోతే ఆ వ్యాసం అనాథ అయిపోయి ఇంకొకరు దత్తత తీసుకోవచ్చు. వికీపీడియాలో దీనికి పూర్తిగా ఎదురు, ఎవరైనా దాదాపు ఏ పేజీనైనా నేరుగా మార్చేయొచ్చు.

రెండూ చూశాక నాకనిపించేది, మన లాంటి చిన్న గుంపుకి యజమాని పద్ధతే నయం. వికీపీడియా పద్ధతి పనిచేయాలంటే వేలమంది కళ్లు కావాలి. పదిమంది ఉన్నచోట "అందరిదీ" అన్న పేజీ ఎవరిదీ కాదు. కాకపోతే యజమాని అంటే కొంచెం బరువుగా ఉంటుంది, పూచీదారు అందాం. పేజీ రాసింది ఎవరైనా కావచ్చు, పూచీదారు మాత్రం దాన్ని అక్షరం అక్షరం చదివి "ఎవరైనా అడిగితే నేను చెప్తాను" అని ఒప్పుకున్నవాళ్లు. దిద్దుబాటు వచ్చాక మూడు వారాల్లో జవాబు ఇవ్వకపోతే పూచీ ఇంకొకరికి మారుతుందని మొదటిరోజే రాసి పెట్టుకోండి. మొహమాటానికి పోయి ఈ గడువు పెట్టుకోకపోతే తర్వాత సార్లని అడగలేక చస్తాం.

ఇంకొకటి స్టాక్స్ ప్రాజెక్ట్. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ యోహాన్ డి యాంగ్ నడిపే బీజీయ జ్యామితి గ్రంథం, ఇప్పటికి 7000 పేజీలు దాటింది. అక్కడ నేర్చుకోవాల్సింది ట్యాగుల పద్ధతి. ప్రతి నిర్వచనానికీ ప్రతి సిద్ధాంతానికీ నాలుగు అక్షరాల గుర్తు ఇస్తారు, ఆ గుర్తు మారదు. మధ్యలో కొత్త అధ్యాయం దూర్చితే సిద్ధాంతం నంబరు మారొచ్చు, ట్యాగు మారదు. ఇవాళ మీరు పరిశోధనా పత్రంలో ఒక ట్యాగు ఇస్తే పదేళ్ల తర్వాత చూసినవాడికి కూడా అదే దొరుకుతుంది. మనకి పది పేజీలే ఉన్నప్పుడు ఇదంతా ఎందుకు అనిపిస్తుంది గానీ, ఐదొందల పేజీలయ్యాక పెట్టడం నరకం. కాబట్టి మొదటి పేజీ నుంచే ప్రతి దానికీ ఒక గుర్తు, ఒకసారి ఇచ్చిన గుర్తు ఇంకోదానికి వాడకూడదు, పేజీ తీసేసినా సరే.

ఎక్కడ మొదలుపెట్టాలి

"అన్ని సబ్జెక్టులూ పెడదాం" అన్నవాళ్లని మర్యాదగా పక్కన కూర్చోబెట్టండి. ఒక్క పేపర్ తీసుకోండి. నన్నడిగితే సమూహాలు (గ్రూప్ థియరీ) లేదా రియల్ అనాలిసిస్. ఈ రెండూ డిగ్రీలో ఉన్నాయి, పీజీలో ఉన్నాయి, నెట్, గేట్ పరీక్షలకీ కావాలి, అంటే చదివేవాళ్లు ముందే ఉన్నారు. చదివేవాళ్లుంటేనే తప్పులు పట్టేవాళ్లు దొరుకుతారు.

పేజీల్ని సిలబస్ యూనిట్ల ప్రకారం పేర్చకండి, సిలబస్ మారుతూనే ఉంటుంది. ప్రపంచమంతా వాడే మ్యాథమెటిక్స్ సబ్జెక్ట్ క్లాసిఫికేషన్ ఒకటుంది, చివరిసారి 2020లో సవరించారు, పైన 63 విభాగాలు, లాటిస్‌లు 06లో, లీనియర్ ఆల్జీబ్రా 15లో, సమూహాలు 20లో, రియల్ ఫంక్షన్లు 26లో వస్తాయి. లోపల పేజీలన్నీ ఆ నంబర్లతో ఉంచి, పైన మాత్రం "ఏయూ ఎమ్మెస్సీ ఫస్ట్ సెమ్, పేపర్ ఫలానా" అని ఒక దారి పేజీ పెట్టండి. సిలబస్ మారిన ఏడాది ఆ ఒక్క దారి పేజీ మార్చుకుంటే సరిపోతుంది.

నిర్వచనాల దగ్గరే గొడవంతా

ఇక్కడ తొందరపడకండి, నిజంగా టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. సిద్ధాంతాల మీద ఎవరూ పోట్లాడుకోరు, నిర్వచనాల మీదే పోట్లాడుకుంటారు.

వలయం (రింగ్), అంటే కూడిక, గుణకారం రెండూ ఉన్న సమితి, తీసుకోండి. వలయానికి గుణకార తత్సమం, అంటే ఒకటి, ఉండి తీరాలా? మన దగ్గర డిగ్రీలో చెప్పే నిర్వచనంలో మామూలుగా ఆ షరతు ఉండదు. పరిశోధన వైపు వెళ్లినవాళ్లు, ముఖ్యంగా బీజీయ జ్యామితి చదివినవాళ్లు, ఉండాలంటారు. ఏముందిలే అనుకుంటాం గానీ తేడా చాలా దూరం పోతుంది. ఒకటి అక్కర్లేదంటే సరి పూర్ణాంకాలు వలయమే, ప్రతి ఐడియల్ (కూడినా తీసివేసినా, వలయంలోని దేనితో గుణించినా బయటికి పోని భాగం) కూడా ఉపవలయమే. ఒకటి ఉండాలంటే సరి పూర్ణాంకాలు వలయం కాకుండా పోతాయి. "సున్నా వలయం కాని ప్రతి వలయానికీ మాక్సిమల్ ఐడియల్ ఉంటుంది" అన్న వాక్యం ఒక నిర్వచనంతో నిజం, ఇంకో నిర్వచనంతో అబద్ధం. ఇద్దరు వేర్వేరు నిర్వచనాలు మనసులో పెట్టుకుని ఒకే సైట్‌లో రాశారంటే పేజీలు విడివిడిగా చూస్తే అన్నీ కరెక్టే, కలిపి చదివితే తప్పు. ఇలాంటి తప్పు పట్టుకోవడం చాలా కష్టం.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. సహజ సంఖ్యల్లో సున్నా ఉందా లేదా. ఇన్నర్ ప్రొడక్ట్ మొదటి స్థానంలో లీనియరా, రెండో స్థానంలోనా (ఫిజిక్స్ వాళ్లు రెండోది అంటారు, వాళ్లతో వాదించి లాభం లేదు). ఆరోహణ ప్రమేయం అంటే సమానం ఒప్పుకుంటామా. కాంపాక్ట్ అన్నప్పుడు హౌస్‌డార్ఫ్ కూడా అందులోనే కలిసి ఉందా. ఫ్రెంచి సంప్రదాయంలో కలిపే అంటారు, వాళ్లకి సున్నా ధన సంఖ్యా అవుతుంది, రుణ సంఖ్యా అవుతుంది. ఇవన్నీ ఒకే పేజీలో "మా ఒప్పందాలు" అని పెట్టి, ప్రతి పేజీ నుంచి దానికి లింకు ఇవ్వండి. ఏది ఎంచుకున్నా పర్లేదు, మన విద్యార్థి పరీక్షలో రాసే నిర్వచనానికి దగ్గరగా ఎంచుకుని, రెండోది వాడేవాళ్లకి ఏం మారుతుందో ఒక లైను రాస్తే చాలు. ఒప్పందాల పేజీకి మాత్రం ఒక్కరు కాదు, ముగ్గురు పూచీదారులు ఉండాలి, ముగ్గురూ సరే అంటేనే మార్పు. ఆ ముగ్గురిలో ఒకరు రిటైరైన మాస్టారు అయితే చాలా మంచిది, పేపర్లు దిద్ది దిద్ది పిల్లలు ఎక్కడ పడతారో వాళ్లకి కంఠతా వచ్చి ఉంటుంది.

ఒకే దానికి రెండు మూడు నిర్వచనాలున్నప్పుడు ఇంకా జాగ్రత్త. సీక్వెన్సుల ద్వారా చెప్పే కాంపాక్ట్‌నెస్, ఓపెన్ కవర్ల ద్వారా చెప్పేది మెట్రిక్ స్పేసుల్లో ఒకటే, సాధారణ టోపాలజీలో ఒకటి కాదు. "రెండూ ఒకటే" అని రాసి వదిలేసిన పేజీని ఒప్పుకోకండి, ఎక్కడ ఒకటో అది కూడా రాయించండి.

ఒక పేజీ ఎలా ఉండాలి

లగ్రాంజ్ సిద్ధాంతం పేజీనే తీసుకుని చూద్దాం. వాక్యం: పరిమిత సమూహంలో ఏ ఉపసమూహం తీసుకున్నా, ఉపసమూహంలోని మూలకాల సంఖ్య మొత్తం సమూహంలోని మూలకాల సంఖ్యని నిశ్శేషంగా భాగిస్తుంది. రుజువు మూడు ముక్కలు. ఉపసమూహానికి రెండు ఎడమ కోసెట్లు (ఉపసమూహం మొత్తాన్ని ఒకే మూలకంతో ఎడమవైపు నుంచి గుణిస్తే వచ్చే గుంపులు) తీసుకుంటే అవి ఒకటైనా అవుతాయి, లేదా వాటికి ఉమ్మడి మూలకమే ఉండదు. ప్రతి కోసెట్‌లోనూ ఉపసమూహంలో ఎన్ని ఉన్నాయో అన్నే మూలకాలుంటాయి. అన్ని కోసెట్లూ కలిపితే సమూహం మొత్తం వస్తుంది. ఇక లెక్కపెట్టడమే. "పరిమిత" అన్న షరతు ఎక్కడ వాడామో (ఆఖరి లెక్కపెట్టడంలో) రుజువులోనే వేలు పెట్టి చూపించాలి. దీన్ని రూలుగా పెట్టుకోండి: వాక్యంలో ఉన్న ప్రతి షరతూ రుజువులో ఎక్కడో ఒకచోట కనపడాలి, కనపడకపోతే షరతు అనవసరమైనా అయ్యుండాలి, రుజువు తప్పైనా అయ్యుండాలి.

ఇంతవరకు ఏ గైడులో అయినా దొరుకుతుంది. రిఫరెన్స్ పేజీకి అసలు విలువ తర్వాత వచ్చేదాంట్లో ఉంది. విలోమం నిజమా? అంటే భాగించే ప్రతి సంఖ్యకీ ఆ పరిమాణం ఉన్న ఉపసమూహం దొరుకుతుందా? దొరకదు. నాలుగు వస్తువుల సరి ప్రస్తారాల సమూహంలో 12 మూలకాలుంటాయి, అందులో 6 మూలకాల ఉపసమూహం లేదు. "లేదు" అని రాసి వదిలేస్తే కుదరదు, ఎందుకో కావాలి. ఉందనుకోండి. అది సరిగ్గా సగం కాబట్టి నార్మల్ అవుతుంది (ఎడమ, కుడి కోసెట్లు ఒకటే), క్వోషంట్‌లో, అంటే కోసెట్లతో ఏర్పడే సమూహంలో, రెండే మూలకాలు, కాబట్టి పెద్ద సమూహంలో ఏ మూలకాన్ని వర్గం చేసినా ఆ ఉపసమూహంలోకి వచ్చి పడాలి. మూడు వస్తువుల్ని గుండ్రంగా తిప్పే ప్రస్తారాన్ని నాలుగుసార్లు చేస్తే మళ్లీ అదే వస్తుంది, అంటే అది దాని వర్గానికి వర్గం. అలాంటివి ఈ సమూహంలో 8 ఉన్నాయి. 8 మూలకాలు 6 ఉన్నదాంట్లో పట్టవు. అయిపోయింది. ఐదు లైన్లు, ఇంటర్ వచ్చినవాడికి కూడా కూర్చోబెట్టి చెప్పొచ్చు, అయినా చాలా నోట్సుల్లో ఇది ఉండదు.

చివర్లో ఇది ఎక్కడెక్కడ వాడతారో లింకులు (ప్రధాన సంఖ్యలో మూలకాలున్న సమూహం సైక్లిక్, ఫెర్మా చిన్న సిద్ధాంతం), చరిత్ర ఒక్క ముక్క. లగ్రాంజ్ 1770-71లో దీన్ని సమూహాల గురించి చెప్పలేదు, అప్పటికి ఆ భావనే లేదు, బహుపదిలో చలరాశుల్ని అటూ ఇటూ మారిస్తే ఎన్ని వేర్వేరు బహుపదులు వస్తాయన్న లెక్కలో చెప్పాడు. చరిత్ర ఇంతకు మించి వద్దు, లేకపోతే జీవిత చరిత్రలు రాసేవాళ్లు వచ్చి చేరతారు, లెక్కలు రాసేవాళ్లు తగ్గిపోతారు.

గుండ్రంగా తిరిగే రుజువులు

ప్రతి పేజీ కింద "దీనికి ముందు కావాల్సినవి" అని ఒక వరస పెట్టండి, లింకులతో సహా. ఊరికే అలంకారం కోసం కాదు. సైన్ ఎక్స్‌ని ఎక్స్‌తో భాగించి ఎక్స్‌ని సున్నాకి పంపిస్తే అవధి 1 వస్తుందని అందరికీ తెలుసు. దీన్ని లోపిటాల్ రూల్‌తో ఒక్క లైనులో తేల్చేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. లోపిటాల్ వాడాలంటే సైన్ అవకలనం కొసైన్ అని తెలియాలి, అది రుజువు చేయాలంటే ఈ అవధే కావాలి. గుండ్రంగా తిరిగి మొదటికొచ్చాం. అయితే మీ ఒప్పందాల్లో సైన్‌ని ఘాత శ్రేణితో నిర్వచించుకుంటే గొడవే లేదు, అవకలనం శ్రేణి నుంచే వచ్చేస్తుంది. అంటే అదే రుజువు ఒక నిర్వచనం కింద చెల్లదు, ఇంకో నిర్వచనం కింద చెల్లుతుంది. లింకులు సరిగ్గా పెడితే ఇలాంటి చక్రాల్ని కంప్యూటరే పట్టి ఇస్తుంది, పేజీల మధ్య బాణాలు గీసి ఎక్కడైనా తిరిగి మొదటికొస్తుందా అని చూసే చిన్న ప్రోగ్రాం బీటెక్ పిల్లాడెవరైనా ఒక పూటలో రాసిస్తాడు.

చాట్‌బాట్ రాసిన రుజువుల సంగతి కూడా ఇక్కడే చెప్తాను. నిషేధం పెట్టినా పట్టుకోలేం కాబట్టి నిషేధించకండి. ఎక్కడి నుంచి తెచ్చినా సరే, పూచీదారు ప్రతి లైనుకీ నోటితో సమాధానం చెప్పగలగాలి. వారానికి ఒకసారి కలిసినప్పుడు ఏదో ఒక పేజీ తీసి "ఈ మూడో లైను ఎలా వచ్చింది" అని అడగండి. నీళ్లు నమిలితే ఆ పేజీ మీద "ఇంకా చూడలేదు" అన్న ముద్ర పడుతుంది. ముద్రలు మూడు చాలు: ఇంకా చూడలేదు, పూచీదారు చూశారు, పూచీదారు కాక ఇంకొకరు కూడా చూశారు. మూడోది ఎంత అరుదుగా పడితే దానికి అంత విలువ.

తెలుగులో రాసేటప్పుడు వచ్చే తంటాలు

2021-22 నుంచి మన డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు మీడియమే అయింది కాబట్టి ఇక తెలుగెందుకని ఎవరో ఒకరు అడుగుతారు. పరీక్ష ఇంగ్లీషులో రాస్తారు, అర్థం చేసుకోవడం మాత్రం తెలుగులోనే జరుగుతోంది, క్లాసులో మాస్టారు చెప్పేదీ తెలుగులోనే. వివరణ తెలుగులో పెట్టండి, వాక్యం మాత్రం రెండు భాషల్లోనూ ఇవ్వండి.

పదాల గురించి మాత్రం రోజుల తరబడి కొట్టుకోవద్దు. తెలుగు అకాడమీ 1968లో ఏర్పడి పుస్తకాలు వేస్తూ వచ్చింది, సమితి, సమూహం, వలయం, క్షేత్రం, అవధి, అనుక్రమం, మాత్రిక లాంటివి స్థిరపడిపోయాయి, హాయిగా వాడుకోండి. మానిఫోల్డ్, ఫంక్టర్, షీఫ్ లాంటివాటికి కొత్తగా సంస్కృతంలోంచి తవ్వి తీసే పని పెట్టుకోకండి. విద్యార్థి ఏ మాటతో వెతుకుతాడో ఆ మాట పేజీ పేరు, మిగతావన్నీ దారి మళ్లింపులు. మనుషుల పేర్లకైతే మళ్లింపులు మరీ ఎక్కువ కావాలి: కోషీ అని ఒకరు, కౌచీ అని ఒకరు, ఆయిలర్ అని ఒకరు, యూలర్ అని ఒకరు. ఎవరి ఉచ్చారణ కరెక్టో తేల్చడం మన పని కాదు, ఏది కొట్టినా పేజీ దొరకాలి అంతే.

కంటికి కనపడని చిక్కు ఒకటుంది. "ఐగన్‌విలువ" అని టైపు చేసేటప్పుడు పొల్లు విడిగా నిలబడాలని మధ్యలో ఒక కనపడని అక్షరం పడుతుంది, కొన్ని కీబోర్డుల్లో అది పడదు. దాంతో స్క్రీన్ మీద రూపం కొంచెం మారుతుంది, కొన్ని ఫాంట్లలో ఆ మార్పు కళ్లు చికిలించి చూస్తే గానీ తెలీదు, కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేరే మాటలు. ఉన్న పేజీకి లింకు ఇచ్చినా "పేజీ లేదు" అంటుంది, ఇంకొకరు వచ్చి అదే పేరుతో రెండో పేజీ మొదలుపెడతారు. పేర్లలో ఆ అక్షరాన్ని తీసేసి పోల్చేలా మొదట్లోనే ఏర్పాటు చేసుకోండి.

సీనియర్ లెక్చరర్ల దగ్గర బంగారం లాంటి నోట్సు ఉంటుంది, కానీ అది అను ఫాంట్లలో డీటీపీ చేయించింది అయ్యుంటుంది. దాన్ని తెచ్చి అతికిస్తే పిచ్చి గీతలొస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. మార్చే ఉపకరణాలున్నాయి, మామూలు వాక్యాలు చాలావరకు బాగానే వస్తాయి, సమీకరణాలు మాత్రం ముక్కలైపోతాయి, వాటిని లాటెక్‌లో (లెక్కల సమీకరణాలు టైపు చేసే పద్ధతి) చేత్తో కొట్టుకోవాల్సిందే. చేతిరాత నోట్సు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపే మాస్టార్లనీ వద్దనకండి. టైపు చేసే బాధ్యత ఎమ్మెస్సీ పిల్లలకి ఇవ్వండి, ఆ వంకన వాళ్లకి లాటెక్ వస్తుంది, రేపు ప్రాజెక్ట్ రిపోర్టుకి పనికొస్తుంది. పేజీ కింద రాసినవారు, టైపు చేసినవారు అని ఇద్దరి పేర్లూ వేయండి.

సాఫ్ట్‌వేర్, హక్కులు

రాసేవాళ్లలో ఎక్కువమందికి ప్రోగ్రామింగ్ రాకపోతే మీడియావికీ పెట్టుకోండి, వికీపీడియా నడిచేది దాని మీదే, బ్రౌజర్‌లోనే మార్చుకోవచ్చు. కానీ ఖాతాలు ఎవరు పడితే వాళ్లు తెరిచేలా వదిలారంటే ప్రకటనల చెత్తతో నిండిపోతుంది, ఖాతా అడిగినవాళ్లకే ఇవ్వండి. కొంచెం ఓపికున్నవాళ్లు ఇద్దరు దొరికితే మాత్రం గిట్‌లో (ఫైళ్లలో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్) మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా పెట్టి దాన్నుంచి సైట్ తయారు చేయడం మంచిది. ఎవరు ఎప్పుడు ఏ లైను మార్చారో పక్కాగా ఉంటుంది, గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉంచితే హోస్టింగ్‌కి డబ్బు కూడా కట్టక్కర్లేదు, అదే ఫైళ్లతో పీడీఎఫ్ కూడా చేసుకోవచ్చు. సమీకరణాలు చూపించడానికి మ్యాథ్‌జాక్స్, కాటెక్ అని రెండున్నాయి. కాటెక్ వేగం, మ్యాథ్‌జాక్స్‌కి లాటెక్ ఆదేశాలు ఎక్కువ తెలుసు. మన పిల్లలు చదివేది పదివేల రూపాయల ఫోన్‌లో, బస్సులో, కాబట్టి నా ఓటు కాటెక్‌కే.

హక్కుల సంగతి మొదటిరోజే రాసుకోండి, మ్యాథ్‌వరల్డ్‌కి జరిగింది చూశారు కదా. క్రియేటివ్ కామన్స్‌లో వికీపీడియా వాడే బై-ఎస్ఏ లైసెన్స్ పెట్టుకుంటే వాళ్ల దగ్గరి నుంచి పేరు చెప్పి తెచ్చుకోవచ్చు, మనది ఎవరైనా పేరు చెప్పి, అదే లైసెన్స్ కింద వాడుకోవచ్చు. సిద్ధాంతం మీద ఎవరికీ కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన వాక్యాల మీద ఉంటుంది. కాబట్టి గైడుల్లోంచి గానీ అకాడమీ పుస్తకాల్లోంచి గానీ పేరాలు ఎత్తి పెట్టకండి, పుస్తకం మూసేసి సొంత మాటల్లో రాయమనండి. మూసేసి రాయలేకపోతే అర్థం కాలేదన్నమాట. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి, పాత పుస్తకాల విషయంలో ఆ లెక్క చూసుకోండి.

ఇక్కడివాళ్లే రాయగలిగినవి

లగ్రాంజ్ పేజీ ఎవరైనా రాస్తారు. మనం రాయకపోతే ఎవరూ సరిగ్గా రాయనివి కొన్నున్నాయి. యు.ఎం. స్వామి, జి.సి. రావు 1981లో ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్ అనే నిర్మాణాన్ని ప్రవేశపెట్టారు, ఇద్దరూ వాల్తేరు మాస్టార్లే. డిస్ట్రిబ్యూటివ్ లాటిస్‌కి (జాయిన్, మీట్ అనే రెండు ఆపరేషన్లు ఒకదాని మీద ఒకటి విభాగమయ్యే నిర్మాణం) ఉండే ధర్మాలు దాదాపు అన్నీ ఉంటాయి, మూడు తప్ప: రెండు ఆపరేషన్ల వినిమయ ధర్మాలు, జాయిన్ మీట్ మీద కుడివైపు నుంచి విభాగమవడం. తమాషా ఏంటంటే ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేర్చినా మిగతా రెండూ వాటంతటవే వచ్చి మామూలు డిస్ట్రిబ్యూటివ్ లాటిస్ అయిపోతుంది. దీని మీద పనిచేసినవాళ్లు ఉత్తరాంధ్ర కాలేజీల్లో ఇప్పటికీ పాఠాలు చెప్తున్నారు, వాళ్లని పట్టుకుంటే ఉదాహరణలతో సహా ప్రపంచంలోనే మంచి పేజీ ఇక్కడ తయారవుతుంది. అలాగే ఏయూలో పనిచేసిన మీనాక్షిసుందరం, స్వీడన్ గణితవేత్త ప్లైయెల్‌తో కలిసి 1949లో లాప్లాస్ ఆపరేటర్ ఐగన్ ప్రమేయాల మీద రాసిన పత్రం. ఇక్కడే లెక్కల్లో పీజీ చదివిన సి.ఆర్. రావు 1945 నాటి అసమానత (క్రామెర్-రావు అసమానత అంటారు). మొదటి ఏడాదిలో ఒకటైనా ఇలాంటిది పెట్టండి, బయటివాళ్లు మన సైట్ వైపు చూసేది వీటి కోసమే.

మిగిలిన కాపలా పనులు

సర్వర్ ఎవరి ఇంట్లోనో డిపార్ట్‌మెంట్ గదిలోనో పెట్టే ఆలోచన వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఆ సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. ఒక కాపీ బయటి హోస్టింగ్‌లో, ఒకటి ఇంకో ఊళ్లో ఉన్న మనవాళ్ల దగ్గర, నెలకోసారి మొత్తం పీడీఎఫ్ చేసి ఎవరైనా దించుకునేలా.

డొమైన్ ఒక విద్యార్థి సొంత మెయిల్‌తో కొని, ఆ అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయాక రెన్యువల్ మెయిళ్లు ఎవరూ చూడక సైట్లు పోవడం మామూలే. ఉమ్మడి మెయిల్ ఒకటి పెట్టండి, పాస్‌వర్డులు ఎప్పుడూ ఇద్దరి దగ్గర ఉండాలి, ఇద్దరిలో ఒకరైనా ఊళ్లో స్థిరంగా ఉండే లెక్చరర్ అవ్వాలి. ప్రతి జూన్‌లో, పాత బ్యాచ్ వెళ్లిపోకముందే, వెళ్లేవాళ్ల పేరు మీద ఉన్న పేజీలన్నీ ఒక జాబితా తీసి కొత్తగా వచ్చేవాళ్లకి పంచండి. తీసుకునేవాళ్లు దొరకని పేజీల మీద ముద్ర మళ్లీ "ఇంకా చూడలేదు"కి వెనక్కి వెళ్తుంది, ఎంత పెద్దవాళ్లు రాసిన పేజీ అయినా సరే.